జేబులో పట్టని తోకలు

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



పోయిన నెల గరాజు సర్దుతుంటే అట్టపెట్టెల అడుగున ఒక పాత చెప్పుల డబ్బా దొరికింది. తెరిచి చూస్తే అంతా నా పాత సామానే. ఒక పామ్ పైలట్, దాని కింద తగిలించే మోడెము, మడతపెట్టే కీబోర్డు, ఐపాక్ అనే మరో చేతి కంప్యూటరుకి తొడిగే జీపీఎస్ తొడుగు, ఏది దేనిదో నాకే గుర్తు లేని నాలుగైదు తీగలు. మా అమ్మాయి వాటన్నిటినీ బల్ల మీద వరసగా పేర్చి, "నాన్నా, ఇంత చిన్న కంప్యూటరుకి ఇన్ని తోకలెందుకు?" అని అడిగింది.

నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలంటే, మనం వచ్చి స్థిరపడ్డ ఈ ఆస్ట్రేలియా దేశం గురించి కొంచెం చెప్పుకోవాలి. అందుకని ఈ వారం మన కబుర్లు ఆ తోకల మీద.

ఈ కథ కంప్యూటర్లు పుట్టక ముందే మొదలైందని నా అభిప్రాయం. 1928 మే నెలలో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీ ఊరినుంచి వైద్యుడితో మొదటి విమానం ఎగిరింది. జాన్ ఫ్లిన్ అనే పాస్టరు ఏళ్ల తరబడి కన్న కల అది. ఇవాళ రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు అని పిలుస్తున్నది దాన్నే. విమానం వుంది, డాక్టరు వున్నాడు. కానీ రెండు మూడు వందల మైళ్ల దూరంలో పశువుల స్టేషనులో వున్న మనిషికి జబ్బు చేసిందని డాక్టరుకి తెలిసేదెట్లా? అక్కడ కరెంటు లేదు, టెలిఫోను తీగ లేదు. రేడియో సెట్టుకి బాటరీలు కావాలంటే బండెడు బరువు.

అడిలైడ్‌కి చెందిన ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు దీనికొక మార్గం కనిపెట్టాడు. రేడియో సెట్టుకి సైకిలు తొక్కుడు బిళ్లలు తగిలించాడు. కాళ్లతో తొక్కుతూ వుంటే కరెంటు పుడుతుంది, చేత్తో మోర్స్ సంకేతాలు కొట్టవచ్చు. 1929లో మొదటి సెట్టు క్వీన్స్‌లాండ్‌లోని అగస్టస్ డౌన్స్ స్టేషనులో పెట్టారు. అయితే ఇంకో చిక్కు వచ్చింది. ఆ ఇళ్లలో సెట్టు దగ్గర కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లు. ఒక పక్క పిల్లవాడు జ్వరంతో మూలుగుతుంటే చుక్కలూ గీతలూ గుర్తు తెచ్చుకుని కొట్టడం ఎవరి తరం? అప్పుడు ట్రేగర్ టైపు మిషను లాంటి కీబోర్డు ఒకటి తయారుచేసి సెట్టుకి జోడించాడు. అక్షరం నొక్కితే దాని మోర్స్ సంకేతం దానంతటదే వెళ్తుంది. 

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. రేడియో సెట్టు కరెంటున్న ఊరివాళ్ల కోసం, మోర్స్ వచ్చిన వాళ్ల కోసం తయారైంది. ఆ రెండూ లేని వాళ్ల కోసం తొక్కుడు బిళ్లలు, కీబోర్డు అనే రెండు తోకలు పుట్టాయి. పరికరం చేసినవాడు ఎవరిని లెక్కలోకి తీసుకోలేదో, తోక వాళ్ల కోసం పుడుతుంది. ఈ మాట మనసులో పెట్టుకుంటే తర్వాత చెప్పబోయేదంతా సులువుగా అర్థమవుతుంది.

ఇక చేతి కంప్యూటర్ల కాలానికి వద్దాం. 1984లో బ్రిటన్‌లోని సైయన్ కంపెనీ ఆర్గనైజర్ అనే యంత్రం తెచ్చింది. చూడటానికి పెద్ద కాలిక్యులేటరులా వుండేది. సమాచారం దాచుకోవడానికి వెనకాల చిన్న చిన్న పెట్టెలు దోపాలి. ఒకసారి రాసింది పూర్తిగా చెరిపి ఆ చోటు మళ్లీ వాడుకోవాలంటే ఆ పెట్టెకి అతినీలలోహిత కాంతి చూపించాలి! 1986లో వచ్చిన రెండో ఆర్గనైజరుకి నెత్తి మీద కూడా ఒక గూడు పెట్టారు. అందులో బార్‌కోడ్ రీడరు, కార్డు గీకే యంత్రం, ప్రింటరుకి వెళ్లే తీగ ఇలా రకరకాలు తగిలించేవారు. షాపుల్లో సరుకు లెక్కపెట్టే వాళ్లకి, ఇళ్లకు తిరిగి మీటర్లు చూసే వాళ్లకి అది చాలా పనికొచ్చింది.

1996లో పామ్ పైలట్ వచ్చింది. రెండు సన్న పెన్సిలు బాటరీలతో వారాల తరబడి నడిచేది. చొక్కా జేబులో చక్కగా పట్టేది. ఇంత చిన్నగా చెయ్యగలగటానికి కారణం ఏమిటంటే, అందులో చాలా వస్తువులు పెట్టకుండా వదిలేశారు. నెట్‌వర్కు లేదు, కెమెరా లేదు, సంగీతం లేదు. అవి కావాలన్న వాడు బయట తగిలించుకోవాలి. 1997లో దానికి క్లిప్పులా కింద అతుక్కునే మోడెము వచ్చింది. సెకనుకి 14.4 కిలోబిట్ల వేగం. దాని బాటరీలు దానికి వేరే. రెండూ కలిపితే జేబులో కాదు, చేతిసంచిలో పెట్టుకోవాల్సిందే.

నేను సిడ్నీలో దిగిన కొత్తలో ఈ మోడెము పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాను. ప్లగ్గు పట్టలేదు! అమెరికాలో, మన దగ్గర కూడా వచ్చిన చిన్న చదరపు ఫోను ప్లగ్గు కాదిది. ఆస్ట్రేలియా టెలికం వారి 600 వరస అనే సొంత సాకెట్టు, అగ్గిపెట్టెంత ప్లగ్గు. పాత ఇళ్లలో ఇప్పటికీ గోడల మీద చూస్తుంటారు. దానికో అడాప్టరు కొనాలి. అంటే జేబు కంప్యూటరు, దానికి మోడెము, మోడెముకి తీగ, తీగకి అడాప్టరు. తోకకి తోక, ఆ తోకకి ఇంకో తోక. డిక్ స్మిత్ షాపులో ఆ అడాప్టరు కొనుక్కొచ్చి, ఇంటికి మొదటి ఈమెయిలు పంపిన రాత్రి ఇప్పటికీ గుర్తుంది. (ఆ డిక్ స్మిత్ షాపులు కూడా 2016లో మూతపడ్డాయి.)

తోకల విషయంలో అందరికంటే పెద్ద ఆశ పెట్టుకున్నది హ్యాండ్‌స్ప్రింగ్ కంపెనీ. పామ్ పైలట్‌ని పుట్టించిన జెఫ్ హాకిన్స్, డోనా డుబిన్‌స్కీ, ఎడ్ కాలిగన్ బయటికొచ్చి పెట్టిన కంపెనీ అది. 1999లో వాళ్లు తెచ్చిన వైజర్ వెనక స్ప్రింగ్‌బోర్డ్ అనే గూడు వుండేది. అందులో ఎవరైనా తయారుచేసిన ముక్కని దోపవచ్చు, కంపెనీకి రుసుము కట్టక్కర్లేదు. దోపిన వెంటనే దాని ప్రోగ్రాము దానంతటదే లేచి కూర్చుంటుంది. కెమెరా, జీపీఎస్, ఎంపీత్రీ పాటల పెట్టె, మోడెము ఇలా చాలా వచ్చాయి. 2000 చివర్లో వైజర్‌ఫోన్ అనే ముక్క వచ్చింది. దాన్ని దోపితే చేతి కంప్యూటరు కాస్తా జీఎస్ఎం ఫోనైపోయింది. 

ఆ ముక్కే గూటికి ముగింపు పలికింది. ఫోను తగిలించుకున్నవాడు దాన్ని మళ్లీ తీయడు గదా! అప్పుడు విడిగా ఎందుకు, లోపలే పెట్టేద్దాం అనుకున్నారు. 2002లో వచ్చిన ట్రియోలో ఫోను లోపలే వుంది, గూడు లేదు. 2003లో హ్యాండ్‌స్ప్రింగ్ మళ్లీ పామ్‌లోనే కలిసిపోయింది. బాగా పనిచేసిన తోకని ఒళ్లు మింగేస్తుంది, పనిచెయ్యనిది చెప్పుల డబ్బాలోకి పోతుంది. ఏ తోకకైనా ఈ రెండే గతులు.

2000లోనే కాంపాక్ కంపెనీ ఐపాక్ తెచ్చింది. వాళ్లది గూడు పద్ధతి కాదు, చొక్కా పద్ధతి. కంప్యూటరు మొత్తానికి వెనకనుంచి ఒక తొడుగు తొడుగుతారు. తొడుగులో కార్డు పెట్టే చోటు, కొన్నిట్లో అదనపు బాటరీ కూడా. తొడిగాక ఐపాక్ ఇటుకరాయిలా తయారయ్యేది. అదే సంవత్సరం మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తప్పుని తీసేసింది. అంతవరకు వంద మీటర్ల దాకా తేడా చూపించిన జీపీఎస్ ఒక్కరోజులో పది ఇరవై మీటర్లలోకి వచ్చింది. వెంటనే చేతి కంప్యూటర్లకి జీపీఎస్ తొడుగులు వెల్లువలా వచ్చాయి. మన పక్కనే న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కి చెందిన నావ్‌మన్ కంపెనీ ఐపాక్‌కీ, పామ్‌కీ కూడా ఇలాంటివి చేసింది.

2003లో మేము రెండు కుటుంబాలం సిడ్నీ నుంచి బ్రోకెన్ హిల్‌కి కారులో బయలుదేరాం. వెయ్యి కిలోమీటర్లకి పైనే. కోబార్ దాటాక విల్కానియా దాకా 260 కిలోమీటర్లు, మధ్యలో ఒక్క రోడ్‌హౌస్ తప్ప ఏమీ లేదు. సాయంత్రం పూట కంగారూ తగిలి రేడియేటరు పగిలింది. నా ఐపాక్ జీపీఎస్ తొడుగుతో మేమెక్కడున్నామో మీటర్ల లెక్కన చెప్తోంది! ఆ సంగతి ఎవరికైనా చెప్పడానికి మాత్రం ఫోనులో ఒక్క గీత కూడా లేదు. పిల్లలు నీళ్లడుగుతున్నారు. చీకటి పడుతోంది. ముప్పావుగంట తర్వాత ఒక రైతు తన వాహనం ఆపాడు. ముందు ఇనప కడ్డీకి ఆరడుగుల యాంటెనా. తన సీడీఎంఏ ఫోనుని డాష్‌బోర్డు మీద గూట్లో పెట్టి, ఫోను వెనక రబ్బరు మూత తీసి, సన్నటి తీగ కొస అందులో గుచ్చాడు. ఫోను పలికింది. చేతిలో వున్నంతసేపూ మూగగా వున్న ఫోను, తోక తగిలించేసరికి గొంతు విప్పింది. ఆ రాత్రి మాకు సాయం వచ్చిందంటే ఆ తీగ పుణ్యమే.

ఆస్ట్రేలియాలో ఈ యాంటెనా తోక ఎందుకింత ముఖ్యమో లెక్క చూస్తే తెలుస్తుంది. ఇక్కడి నెట్‌వర్కులు జనాభాలో 99 శాతానికి పైగా అందుతాయని చెప్పుకుంటాయి. అది నిజమే. కానీ దేశం వైశాల్యం 77 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో అన్నిటికంటే పెద్ద నెట్‌వర్కు అందేది సుమారు 30 లక్షల చదరపు కిలోమీటర్లకే. జనం లెక్కన చూస్తే నిండు కుండ, నేల లెక్కన చూస్తే సగం కూడా నిండని కుండ. ఆ సీడీఎంఏ నెట్‌వర్కుని 2008 ఏప్రిల్‌లో ఆపేశారు. దాని స్థానంలో వచ్చిన 3జీ కూడా 2024 అక్టోబరులో ఆగిపోయింది. ప్రతిసారీ ఊళ్లలో వాళ్లు ఫోన్లతో పాటు గూళ్లూ, తీగలూ మార్చుకోవాల్సి వచ్చింది. కొత్త ఫోన్లలో ఆ రబ్బరు మూత కింద రంధ్రమే లేకుండా పోయింది. సన్నటి ఫోను కావాలన్న నగరంవాడి ముచ్చటకి ఖరీదు కట్టింది పల్లెటూరివాడు.

తోకలు ఎవరికి పనికొచ్చాయో చెప్పే ఇంకో కథ ఉత్తరాన వుంది. దక్షిణాఫ్రికాలో లూయీ లీబెన్‌బర్గ్ అనే ఆయన 1996 ప్రాంతంలో ఆపిల్ న్యూటన్‌కి జీపీఎస్ జోడించి, సైబర్‌ట్రాకర్ అనే ప్రోగ్రాము చేయించాడు. జంతువుల అడుగుజాడలు పట్టడంలో మహా పండితులు, కానీ చదవడం రాయడం రాని వాళ్ల కోసం. తెర మీద అక్షరాలు కాకుండా బొమ్మలుంటాయి. జంతువు బొమ్మ నొక్కితే చాలు, ఎక్కడ ఎప్పుడు చూశారో జీపీఎస్ రాసుకుంటుంది. 2008 నుంచి ఉత్తర ఆస్ట్రేలియాలో నెయిల్స్మా అనే ఆదివాసీ భూసముద్ర నిర్వహణ సంస్థ ఇదే ప్రోగ్రాముని ఐ-ట్రాకర్ అనే పేరుతో రేంజర్లకి అందించింది. తాబేళ్ల గూళ్లు, కొట్టుకొచ్చిన వలలు, అడవి పందులు, కలుపు మొక్కలు ఇవన్నీ తమ నేల మీద తామే నమోదు చేసుకున్నారు. తాతల నాటి జ్ఞానం, చేతిలో కంప్యూటరు, దానికి జీపీఎస్. ఆ నమోదులు ప్రభుత్వం ముందు పెట్టడానికి సాక్ష్యంగా కూడా పనికొస్తాయి.

పశువుల సంగతీ అంతే. 2005 జులై నుంచి ఆస్ట్రేలియా అంతటా పశువుల చెవులకి రేడియో బిళ్లలు తప్పనిసరి చేశారు. ఆ బిళ్ల చదవాలంటే చేతికర్రలాంటి రీడరు కావాలి, అది చదివిన అంకెలు దాచుకోవడానికి చేతి కంప్యూటరు కావాలి. దుమ్ములో, ఎండలో పశువుల దొడ్లలో ఆ కర్ర పట్టుకుని నిలబడ్డ వాళ్లకి చిన్న జేబు కంప్యూటరు ముద్దు లేదు. బరువైనా సరే, పని జరగాలి.

ఇదంతా విని మనకేమిటి అనుకోకండి. మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి కథ ఒకటి నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకం రెండో సగంలో పింఛన్లు, ఉపాధి హామీ కూలి డబ్బు స్మార్ట్‌కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టారు. ఊళ్లోకి వచ్చిన ప్రతినిధి దగ్గర చేతి యంత్రం, దానికి వేలిముద్ర చూసే ముక్క, రసీదు కొట్టే ప్రింటరు. సంతకం రాని ముసలమ్మ వేలు పెడితే ఆమె డబ్బు ఆమె చేతికొచ్చేది. ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో పరిశోధకులు దీన్ని పరీక్షగా చూశారు. కూలి డబ్బు తెచ్చుకోవడానికి పట్టే సమయం సుమారు అయిదో వంతు తగ్గిందని, మధ్యలో మాయమయ్యే డబ్బు కూడా గణనీయంగా తగ్గిందని తేల్చారు. ఉత్తర ఆస్ట్రేలియా రేంజరుకి బొమ్మలు, తెలంగాణ ముసలమ్మకి వేలిముద్ర. రెండూ ఒకే కోవలోవి.

ఇక చివరి తోక దగ్గరికి వద్దాం. 2013లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశానికి చెందిన తురాయా కంపెనీ శాట్‌స్లీవ్ అనే తొడుగు తెచ్చింది. స్మార్ట్‌ఫోనుకి తొడిగితే అది ఉపగ్రహ ఫోను అవుతుంది. బండగా, లావుగా, పక్కనుంచి యాంటెనా పొడుచుకొచ్చి వుండేది. ఆకాశం కనిపిస్తే చాలు, టవరుతో పనిలేదు. ఆస్ట్రేలియా మీదికి తురాయా-3 అనే ఉపగ్రహం చూసేది. 2008లో ఎగిరింది, భూమధ్యరేఖ పైన స్థిరంగా వుండేది. ఇక్కడివాళ్లు ఉత్తర పడమర దిక్కుకి తిరిగి మాట్లాడేవారు. ట్రేగర్ తొక్కుడు రేడియోకి నిజమైన మనవడు ఇదేనని చెప్పుకోవచ్చు.

2024 ఏప్రిల్‌లో ఆ ఉపగ్రహం చెడిపోయింది. మళ్లీ బాగుపడలేదు. ఆస్ట్రేలియా అంతటా ఆ ఉపగ్రహాన్ని నమ్ముకున్న ఫోన్లు, తొడుగులు ఒక్కసారిగా మూగబోయాయి. బాటరీ నిండుగా వుంది, తెర వెలుగుతోంది, పైన పలికేవాడు లేడు. తోక బలం తోకలో లేదు, అది పట్టుకున్న కొమ్మలో వుందని అప్పుడు అందరికీ తెలిసింది.

ఈలోగా ఒళ్లు ఈ తోకని కూడా మింగడం మొదలుపెట్టింది. 2023 మే నుంచి కొత్త ఐఫోన్లు ఏ తొడుగూ లేకుండానే ఆస్ట్రేలియాలో ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపగలుగుతున్నాయి. 2025 జూన్‌లో టెల్‌స్ట్రా కొన్ని ఫోన్ల నుంచి నేరుగా స్టార్‌లింక్ ఉపగ్రహాల ద్వారా చిన్న సందేశాలు పంపే సదుపాయం తెచ్చింది. మధ్యలో గూగుల్ వాళ్లు ముక్కలు ముక్కలుగా విడదీసే ఫోను చేస్తామని 2013లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అరా 2016లో ఆగిపోయింది. జనానికి ముక్కలు వద్దు, అన్నీ లోపలే కావాలి.

మంచిదే. కానీ నాకో భయం వుంది. తోక కనిపిస్తూ వున్నప్పుడు మనకి మన లోటు కూడా కనిపించేది. యాంటెనా కొనాలంటే ముందు, నేను వెళ్లే చోట సిగ్నలు వుండదు అన్న ఎరుక వుండాలి. అన్నీ లోపలే వున్నాయనుకున్న వాడికి ఆ ఎరుక పోతుంది. ఇప్పుడు మన పిల్లలు చదువుకోవడానికి వచ్చి, సెలవు దొరికితే నలుగురు కలిసి అద్దె కారులో ఉలురు వైపు బయలుదేరుతున్నారు. జేబులో ఫోనుందిగా అంటారు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. బాబూ, అమ్మా, ఆ ఫోనుకి వెనక వందేళ్ల తోకల చరిత్ర వుంది. ఒక్కొక్క తోకా ఎక్కడో ఎవరో దారి మధ్యలో చిక్కుకుపోతే పుట్టింది. కాబట్టి నీళ్లు ఎక్కువ పెట్టుకోండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి చేరతారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆపద బీకనంటూ ఒక చిన్న డబ్బా వుంటుంది, కొనుక్కుని సముద్ర భద్రతా సంస్థ ఆంసాలో ఉచితంగా నమోదు చేయించుకోండి. జేబు ఎత్తుగా కనబడుతుందని సిగ్గుపడకండి.

మా అమ్మాయికి ఆ రోజు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, మోడెముని, కీబోర్డుని తిరిగి డబ్బాలో పెట్టింది. పోయిన వారం తను స్నేహితులతో బ్రోకెన్ హిల్ ప్రయాణం పెట్టుకుంది. వెళ్లేముందు గరాజులోకి వచ్చి, "నాన్నా, ఆ బీకను ఎక్కడ పెట్టావు?" అని అడిగింది. 

వచ్చే వారం మరో ముచ్చటతో కలుసుకుందాం. అంతవరకు సెలవు.